మంచం పక్కకి క్లాక్ రేడియో: బావ ఇచ్చిన పాతదా, ఆన్‌లైన్‌లో కొత్తదా?

రాత్రి_పక్షి:

అందరికీ నమస్తే. ఫోను మంచం దగ్గర పెట్టుకోవడం మానేద్దామని ఈ మధ్య గట్టిగా అనుకున్నాను. పొద్దున అలారం ఆపడానికి చెయ్యి చాపుతానా, ఆ చెయ్యి అలారం ఆపేసి ఊరుకోదు, మెసేజీలు చూస్తుంది, తర్వాత ఎవరిదో వీడియో, తల ఎత్తేసరికి ఏడున్నర. అందుకని ఒక క్లాక్ రేడియో కావాలి. ఉండేది మల్కాజిగిరిలో. నాకు ఎఫ్ఎమ్‌లో 102.8 వివిధ భారతి, 101.9 రెయిన్‌బో వస్తే చాలు. నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడు మాత్రం ఆయనకి మీడియం వేవ్‌లో హైదరాబాద్ ఎ కేంద్రం కావాలి, 738. 6.45 వార్తలు వినకపోతే ఆయనకి తెల్లారదు.

ఇప్పుడు నా ముందు రెండు ఉన్నాయి. ఒకటి మా బావ అమెరికా నుంచి వచ్చేసినప్పుడు సామానుతో తెచ్చి, ఎవరూ వాడక నాకు ఇచ్చేసింది. 1980ల నాటిది, చెక్క రంగు డబ్బా, ఎర్ర అంకెలు, స్టేషన్ తిప్పుకోవడానికి చక్రం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసుంది, బావ ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇచ్చాడు. రెండోది ఆన్‌లైన్‌లో చూశాను, బ్లూటూత్, ఫోను చార్జింగు, పెద్ద నీలం అంకెలు, రెండు వేల లోపే. ఏది మేలంటారు?

కోఠి_సోల్డరింగ్:

తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ పాతదాన్ని స్టెప్‌డౌన్ లేకుండా పొరపాటున కూడా గోడ ప్లగ్గులో పెట్టకు, 120 వోల్టుల సెట్టుకి 230 ఇస్తే పొగే.

స్టెప్‌డౌన్ పెట్టినా పని సగమే అయింది. అది వోల్టేజీని తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్‌ని ముట్టుకోదు. ఆ రోజుల్లో వచ్చిన కరెంటు క్లాక్ రేడియోలు చాలావరకు టైమ్‌ని కరెంటు నుంచే లెక్కపెట్టుకుంటాయి. 60 సార్లు ఊగితే ఒక సెకను అని దానికి అమెరికాలో నేర్పి పంపారు. మన దగ్గర కరెంటు సెకనుకి 50 సార్లే ఊగుతుంది. కాబట్టి ఒక గంట గడిచేసరికి నీ గడియారంలో 50 నిమిషాలే అయ్యుంటాయి. రాత్రి పదికి టైమ్ సరిచేసి, ఆరుకి అలారం పెట్టుకుని పడుకున్నావనుకో, అది మోగేసరికి బయట టైమ్ 7.36. నువ్వు ఫోను వల్ల లేటవుతున్నావని కదా ఇదంతా మొదలుపెట్టింది!

దీనికి మందు లేకపోలేదు. లోపల గడియారం చిప్పు ఏదో చూడాలి. కొన్ని చిప్పుల్లో 50కా 60కా అని ఎంచుకునే కాలు (పిన్ను) ఒకటి విడిగా ఉంటుంది, ఎల్‌ఎం8560 లాంటివాటిలో ఉంది. ఆ కాలిని మార్చి కలిపితే సరిపోతుంది, చేతిలో పని ఉన్నవాడికి పది నిమిషాలు. కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఇంకా అలాంటి చేతులు ఉన్నాయి. ఆ చిప్పు కాకపోతే మాత్రం దాన్ని రేడియోగానే వాడుకో, టైమ్ కోసం గోడ గడియారం చూసుకో.

జగిత్యాల_అన్న:

ఈ 50, 60 సంగతి మా ఇంట్లో ఎప్పుడో జరిగింది, అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు, ఇప్పుడు కోఠి అన్న చెప్తుంటే నవ్వొస్తున్నది. మా చిన్నాయన సౌదీ నుంచి వచ్చేటప్పుడు ఒక రేడియో తెచ్చిండు, అంకెల రేకులు టపటపా తిరిగే రకం. ఇంటి నిండా జనం, ఆ రేకు పడుతుంటే చూడ్డానికే వచ్చేవాళ్లు. రెండో రోజుకే గడియారం వెనకబడింది. సరిచేస్తాడు, మళ్లీ వెనకబడుతుంది. రేడియో మాత్రం బ్రహ్మాండంగా పాడుతుంది. ఊళ్లో ఒకాయన "గల్ఫ్ టైమ్‌కీ మన టైమ్‌కీ తేడా ఉంటది కదా, దానికి ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు, అందరం నమ్మినం. అసలు సంగతి ఏందంటే సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్. అదే దుబాయి నుంచో కువైట్ నుంచో తెచ్చి ఉంటే అక్కడ 50, మన లెక్కే. ఆ రేకుల గడియారం లోపల చిన్న మోటారు ఉంటది, అది కరెంటు ఊపుని బట్టే తిరుగుతది, కాబట్టి అందులో చిప్పూ లేదు కాలూ లేదు. పళ్ల చక్రం మార్చాలి, అది ఎవడు చేస్తడు.

రేకుల గడియారం మీద మోజుపడి కొనేవాళ్లకి ఇంకో మాట. రాత్రి నిశ్శబ్దంలో ఆ మోటారు చిన్నగా గుయ్‌మంటది, పాతబడి నూనె ఎండిపోతే ఇంకా ఎక్కువ. నిమిషానికోసారి టప్. నాకు ఆ టప్ అలవాటై నిద్రపట్టేది, మా ఆవిడకి నిద్ర పాడయ్యేది. ఇప్పుడది షోకేసులో ఉంది.

ఎవరైతేనేం:

వంద రూపాయల గోడ గడియారం, ఒక కీప్యాడ్ ఫోను. ఎఫ్ఎమ్ ఉంటది, అలారం ఉంటది. అయిపాయె.

ఎడిసన్_అక్క:

పైన చెప్పింది నిజమే కానీ ఇక్కడ అమెరికా నుంచి ఎవరైనా కొత్త క్లాక్ రేడియో పంపుతానంటే ఏం చూడాలో కూడా చెప్పాలి, ఎందుకంటే మా నాన్నగారికి గుంటూరు పంపి నేను బాగా దెబ్బతిన్నాను.

చక్రం తిప్పి స్టేషన్ పట్టుకునే పాతదైతే ఏ దేశానిదైనా మీడియం వేవ్‌కి ఇబ్బంది లేదు, మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. బటన్లు నొక్కితే అంకెలు మారే రకం ఉంటుంది చూడండి, దాంతోనే చిక్కు. అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్లు పదేసి కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, మనకి తొమ్మిదేసి. కాబట్టి అది 830 మీద ఆగుతుంది, తర్వాత 840కి దూకుతుంది, విజయవాడ కేంద్రం 837లో ఉంటుంది. 840 పెడితే గొంతు కాస్త వంకరగా, గరగరతో వస్తుంది. నాన్నగారు "మీ అమెరికా రేడియోకి తెలుగు సరిగ్గా రావడం లేదమ్మా" అన్నారు. కొన్నిట్లో అడుగున 9/10 స్విచ్ ఉంటుంది, అదుంటేనే కొనండి. ఎఫ్ఎమ్‌లో కూడా కొన్ని సెట్లు 101.7, 101.9, 102.1 అని బేసి అంకెల మీదే దూకుతాయి. అలాంటిదాంట్లో ఈ తమ్ముడికి రెయిన్‌బో వస్తుంది, వివిధ భారతి రాదు!

టైమ్ తనే పెట్టుకుంటుంది అని రాసినవి కూడా నమ్మొద్దు. కొలరాడో నుంచి వచ్చే రేడియో సిగ్నల్‌ని పట్టి టైమ్ సరిచేసుకునేవి మన ఊళ్లో ఏం పడతాయి? ముందే టైమ్ నింపి పంపేవాటిలో అమెరికా టైమ్ జోన్లే ఉంటాయి, అయిదున్నర గంటల లెక్క ఉండదు. చేత్తో పెట్టుకుంటే నడుస్తుంది, కానీ ఎండాకాలం టైమ్ మార్పు (ఇక్కడ మార్చిలో గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు) అనే సెట్టింగు ఆపేయకపోతే మార్చిలో ఒకరోజు పొద్దున నాన్నగారిని గంట ముందే లేపుతుంది. లేపింది కూడా.

జపాన్ పాత సెట్లు చూడ్డానికి ఎంత బాగుంటాయో చెప్పలేను, అయితే అక్కడి పాతవాటిలో ఎఫ్ఎమ్ 76 నుంచి 90 వరకే. మనవి 90 దాటాకే కదా మొదలయ్యేది.

రాత్రి_పక్షి:

అమ్మో, అందం చూసి అడిగాను, ఇక్కడ కరెంటు పాఠం మొదలైంది. చాలా థాంక్స్ అందరికీ. పాతదాని చిప్పు చూపిస్తాను. మరి ఆ కొత్తది ఎలా ఉంటుందంటారు? మాకు కరెంటు పోతుంటుంది, ఇన్వర్టర్ ఉంది.

కోఠి_సోల్డరింగ్:

కొత్తవాటిలో మంచీ ఉంది చెడూ ఉంది. అడాప్టర్‌తోనో యూఎస్‌బీ వైరుతోనో నడిచేదైతే దానికి వెళ్లేది డీసీ, అంటే ఊగని కరెంటు కాబట్టి దాన్ని లెక్కపెట్టే అవకాశమే లేదు, లోపల టైమ్ లెక్కకి సొంత క్రిస్టల్ ఉండి తీరాలి. అంటే 50, 60 గొడవ లేదు, ఇన్వర్టర్ మీద పడినా టైమ్ చెదరదు. పాతదానికి 50 కాలు కలిపించుకున్నా, ఇన్వర్టర్ సాదా స్క్వేర్ వేవ్ రకమైతే కరెంటు పోయినంతసేపు గడియారం కాస్త అటూ ఇటూ పోవచ్చు, అది గుర్తుంచుకో. ఆ పాతదాని అడుగున డబ్బా ఆకారపు 9 వోల్టుల బ్యాటరీకి గూడు ఉండొచ్చు. అది ఉంటే కరెంటు పోయినప్పుడు టైమ్ పూర్తిగా చెరిగిపోకుండా కాపాడుతుంది, అంతే. చాలా సెట్లలో ఆ సమయంలో అంకెలు కనపడవు, రేడియో పాడదు, టైమ్ కూడా ఉజ్జాయింపుగానే నడుస్తుంది. గంట కరెంటు పోయిందంటే పొద్దున ఒకసారి సరిచూసుకోవాలి.

ఇప్పుడు కొత్తదాని చెడు. ఆ ధరలో వచ్చేవాటిలో చాలావాటికి మీడియం వేవ్ అసలు ఉండదు, పెట్టె మీద ఎఫ్ఎమ్ ఒక్కటే రాసుంటుంది. నాన్నగారి 738 గోవిందా. ఉన్నా కూడా, నాసిరకం అడాప్టర్ దానికదే పెద్ద గొడవ, మీడియం వేవ్‌లో బర్రుమని దూరిపోతుంది. గదిలో ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జర్ కూడా ఇదే పని చేస్తాయి. పాత సెట్టైనా సరే, బర్రుమంటే ముందు బల్బు ఆపి చూడు, చార్జర్ పీకి చూడు, అప్పటికీ తగ్గకపోతే సెట్టునే మెల్లగా పక్కకి తిప్పు. మీడియం వేవ్ ఏరియల్ లోపల నల్లటి కడ్డీలా ఉంటుంది, స్టేషన్ ఉన్న దిక్కుకి అడ్డంగా ఉంటేనే బాగా పడుతుంది. ఎఫ్ఎమ్‌కి వెనక వేలాడే వైరే ఏరియల్, చాలామంది అది తెలియక చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు! దాన్ని విప్పి నిటారుగా గోడకి అంటించు. 102.8కి ముప్పావు మీటరు పొడుగు వైరు సరిగ్గా సరిపోతుంది.

ఇంకోటి, ఆ నీలం అంకెలు. నిద్రని చెడగొట్టడంలో ఎరుపు కన్నా నీలం వెలుతురే ఎక్కువ, కొంటే కాంతి పూర్తిగా తగ్గించే బటన్ ఉందో లేదో చూసుకో. కొన్నిట్లో బాగా తగ్గించినా గదంతా చేపల తొట్టెలా ఉంటుంది. ఎర్ర అంకెలు ఎంచుకున్న పాత తరం వాళ్లు నిద్ర గురించి ఆలోచించి కాదు, అప్పట్లో చవగ్గా దొరికిన ఎల్‌ఈడీ ఎరుపే. కానీ మనకి కలిసొచ్చింది.

ఎడిసన్_అక్క:

బటన్ల సంగతి కూడా చెప్పండి అన్నయ్యా. పాతదాంట్లో పైన పెద్ద స్నూజ్ పట్టీ, కళ్లు మూసుకుని కొట్టొచ్చు, తొమ్మిది నిమిషాలు ఊరుకుని మళ్లీ మోగుతుంది. స్లీప్ నొక్కితే 59 నిమిషాలు పాడి తనే ఆగిపోతుంది. నాన్నగారికి పంపిన కొత్తదాంట్లో అలారం ఆపాలంటే ఏ బటన్ ఎంతసేపు నొక్కిపట్టాలో కాగితం మీద రాసి గోడకి అంటించాల్సి వచ్చింది.

రాత్రి_పక్షి:

రెండు వారాల తర్వాత వస్తున్నాను. పాతదాన్ని కోఠి తీసుకెళ్లాను. అదృష్టం, ఎల్‌ఎం8560 చిప్పే. షాపాయన కాలు కలిపి, వైరు పాడైపోయిందని అది కూడా మార్చి, 250 తీసుకున్నాడు. టైమ్ ఇప్పుడు సరిగ్గా నడుస్తోంది. స్టెప్‌డౌన్ మంచం కింద పెట్టాను, కాస్త వెచ్చబడుతుంది, గుయ్‌మని కూడా అంటుంది కానీ ఫ్యాను శబ్దంలో తెలియడం లేదు. కొత్తది కొనలేదు.

నాన్న వచ్చారు. 738 మొదట బర్రుమంది, మీరు చెప్పినట్టు బల్బు ఆపి, సెట్టుని కిటికీ వైపు తిప్పితే పట్టింది. ఆయన ఇప్పుడు దాన్ని తన గదిలోకి తీసుకెళ్లిపోయారు, ఊరికి వెళ్లేవరకు నాకు ఫోనే గతి.

ఒక్క సందేహం. శబ్దం పెంచే చక్రం తిప్పితే కరకరమంటోంది, ఒక్కోసారి ఒక పక్కకి వెళ్తే పూర్తిగా ఆగిపోతోంది. తలుపు బందులకి కొట్టే స్ప్రే ఇంట్లో ఉంది, అది కొట్టొచ్చా?

కోఠి_సోల్డరింగ్:

వద్దు వద్దు, అది కొట్టకు. ఎలక్ట్రానిక్స్‌కి కాంటాక్ట్ క్లీనర్ అని విడిగా దొరుకుతుంది. ప్లగ్గు పీకేసి, ఆ చక్రం లోపలికి రెండు చుక్కలు, ఇటు చివర నుంచి అటు చివరకి ఓ ఇరవై సార్లు తిప్పు, పావుగంట ఆరనివ్వు. అప్పటికీ కరకరమంటే నా దగ్గరికి రా, పాత సెట్ల నుంచి తీసిన అలాంటి చక్రాలు ఓ డబ్బా నిండా ఉన్నాయి.