కడుపుతో ఉన్నప్పుడు నెయ్యి మానాలా?

పెదవాల్తేరు కోడలు: నాకు ఐదో నెల. అత్తయ్య రోజూ ముద్దపప్పులో నెయ్యి వేసి పెడుతున్నారు. తల్లి తినే కొవ్వును బట్టి పుట్టే మగపిల్లాడి హార్మోన్లు మారతాయని, ఎలుకల్లో చూశారని మా మరిది చెప్పాడు. అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. మానేయాలా?

గాజువాక రమణ: మానేయండి. నేను కడుపులో ఉన్నప్పుడు మా ఇంట్లో అంతా డాల్డా వంటే. నాకిప్పుడు 34. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తక్కువని రిపోర్టు వచ్చింది. ఇంకేం రుజువు కావాలి?

మద్దిలపాలెం శీను: బాబో పాపో ఇంకా తెలియదు కదండీ. అప్పుడే టెన్షన్ ఎందుకు?

సీతమ్మధార లక్ష్మి: రమణ గారూ, ఆవిడ అడిగింది నెయ్యి గురించి. డాల్డా వేరు. నేను జువాలజీ చెప్పి రిటైరయ్యాను. టెస్టోస్టిరాన్ తయారయ్యేదే కొలెస్టరాల్ నుంచి, వృషణాల్లోని లీడిగ్ కణాల్లో. పిండానికి రెండు నెలలు వచ్చేసరికి అవి పని మొదలుపెడతాయి. మొదట్లో వాటిని నడిపేది మాయ నుంచి వచ్చే హెచ్‌సీజీ అనే హార్మోన్, తర్వాత శిశువు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్. అందుకే తల్లి తిండి మీద పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ ఆ ఎలుకలకు పెట్టే మేతలో చాలాసార్లు 45 నుంచి 60 శాతం కేలరీలు కొవ్వువే. ఫలితాలూ ఒకేలా రాలేదు, కొవ్వు రకాన్ని బట్టి, కొలిచిన వయసును బట్టి మారాయి. చెంచా నెయ్యికి అది సాటి కాదు.

గాజువాక రమణ: అయితే డాల్డాలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ మంచిదంటారా? 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో 2 శాతం దాటకూడదని ప్రభుత్వమే రూల్ పెట్టింది.

సీతమ్మధార లక్ష్మి: మంచిదని నేనెక్కడన్నాను? ఆ రూల్ ముఖ్యంగా గుండె జబ్బుల భయంతో వచ్చింది. ఒళ్ళు పెరిగినా టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. మీ బరువెంత?

జాలారిపేట: ఫిషింగ్ హార్బర్‌లో కవళ్ళు తెచ్చుకోండమ్మా. ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఉంటుంది, చిన్న చేప కాబట్టి పాదరసం తక్కువ.

గాజువాక రమణ: నా బరువు మీకెందుకండీ? పెళ్ళై ఆరేళ్ళు. ఐదేళ్ళు మా ఆవిడనే హాస్పిటళ్ళ చుట్టూ తిప్పారు. నాకు ఒక్క టెస్టు రాయలేదు. గొడ్రాలు అన్నది మా అమ్మే. లోపం నాదని తేలాక నోరు మెదపడం లేదు. తన వల్లే అని ఒక్కసారి ఒప్పుకోవాలి.

సీతమ్మధార లక్ష్మి: మీ ఆవిడకి జరిగింది ఘోరం. మీ అమ్మ ఆ మాట అనడం తప్పే. ఊరంతా వండుకున్న డాల్డా ఆవిడా వండితే అది తప్పెలా అవుతుంది? కోడలి మీద నింద తీసి అత్త మీద వేస్తున్నారు, అంతే.

పెదవాల్తేరు కోడలు: నెయ్యి చెంచాకి ఆపి, బేకరీ పఫ్‌లు మానేస్తాను. రమణ గారూ, బాధపెట్టి ఉంటే క్షమించండి.

గాజువాక రమణ: మీ తప్పేం లేదమ్మా. బరువు 96 కిలోలు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. అమ్మతో మాత్రం ఇప్పట్లో మాట్లాడలేను.