అప్‌డేట్: మెత్తటి బేకన్ సంగతి తేలింది

పోయిన నెల ఇక్కడే అడిగాను: బీచ్ రోడ్డులో ఒక హోటల్లో బేకన్ (ఉప్పు పట్టించిన పలుచటి పంది మాంసం ముక్కలు) చెబితే తడిగుడ్డలా సాగింది, ఇంట్లో వేయించినా అంతే, లోపం ఎక్కడుందని. సలహాలు ఇచ్చినవాళ్లకి థాంక్స్.

పనిచేసింది చల్లటి పెనం చిట్కా. పొయ్యి వెలిగించకముందే ముక్కలు విడివిడిగా పరిచి, సన్నసెగ మీద పెట్టాను. కొవ్వు మెల్లగా కరిగి, అందులోనే ముక్క వేగింది. నూనె చుక్క అక్కర్లేదు. ఇన్నాళ్లూ కాగిన పెనం మీద వేసేవాణ్ణి. అంచులు మాడేవి, కొవ్వు తెల్లగా మిగిలేది. మూత మాత్రం పెట్టొద్దు, ఆవిరికి మెత్తబడుతుంది.

మొన్న ఆ హోటల్‌కే వెళ్లి అడిగితే అసలు విషయం బయటపడింది: ముందే వేయించి మూత ట్రేలో పెడతారట! అప్పటికప్పుడు కరకరలాడేలా వేయించమంటే చేసిచ్చారు.

బ్రాండ్ మార్చమన్న సలహా, వైజాగ్ ఉక్కపోతే కారణమన్న నా అనుమానం రెండూ తప్పే. అదే ప్యాకెట్టు, అదే ఉక్క. కొనేటప్పుడు పొట్టభాగం ముక్కలే చూసుకోండి. నడుం భాగంలో కొవ్వు తక్కువ, అంత కరకరలాడదు.

మా ఆవిడకి మెత్తగానే ఇష్టమట. ఆమెవి రెండు నిమిషాలు ముందే తీసేస్తున్నా.