బోధనా దృక్పథం రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. కొత్త ఉద్యోగానికి దరఖాస్తుతో పాటు 'నా బోధనా దృక్పథం' అని రెండు పేజీలు రాసివ్వమన్నారు. నాలుగు రోజులుగా కూర్చుంటున్నా, మొదటి పేరా దాటడం లేదు.

రాసిందల్లా ట్రైనింగ్ నోట్సులా ఉంది. అనుభవంతోనే చదువన్న డ్యూయీ వచ్చాడు, పెద్దల సాయంతో పిల్లలు ఇంకో మెట్టు ఎక్కగలరన్న వైగాట్‌స్కీ వచ్చాడు. నేను మాత్రం ఎక్కడా లేను!

నిజానికి నన్ను మార్చింది ఒక అమ్మాయి వేసిన తప్పు లెక్క. 1/2 + 1/3 = 2/5 అని రాసింది. కొట్టేయబోయి, ఎలా వచ్చిందని అడిగాను. "రెండు ఆటల్లో ఒకటి గెలిచి, తర్వాత మూడింట్లో ఒకటి గెలిస్తే, మొత్తం ఐదింట్లో రెండే కదా సార్" అంది. నాకు నోట మాట రాలేదు. తన ప్రశ్నకు ఆ జవాబు కరెక్టే, నేనడిగిన ప్రశ్న వేరు. "2/5 సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?" అన్నాక తనే దిద్దుకుంది. అప్పట్నుంచి ఎర్ర పెన్ను తీసే ముందు 'ఎలా వచ్చింది?' అని అడగాలనుకుంటాను.

ఈ ఒక్క సంఘటన చుట్టూ రాస్తే చాలా, సిద్ధాంతాల పేర్లు తప్పనిసరా? ఇంకోటి, సిలబస్ టెన్షన్‌లో అలా అడగకుండా వదిలేసే రోజులే ఎక్కువ. అది కూడా ఒప్పుకుని రాస్తే మైనస్ అవుతుందా? ఇలాంటివి చదివి మనుషుల్ని ఎంచుకున్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?