ఓ గ్రూప్ రక్తం ప్యాకెట్ ఒక్కటీ మ్యాచ్ అవ్వడం లేదు

గాజువాక తమ్ముడు: అక్కకి వచ్చే నెల డెలివరీ. కార్డులో ఓ పాజిటివ్ అని ఉంది. నాలుగు ఓ ప్యాకెట్లతో క్రాస్ మ్యాచ్ (అక్క సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, ప్యాకెట్ రక్తకణాలు కలిపి చూసే పరీక్ష) చేస్తే ఒక్కటీ పడలేదు. అరుదైన కణాలతో పోల్చితే గానీ ఏ బ్లడ్ గ్రూప్ సిస్టమ్ వల్ల పడట్లేదో తేలదంటున్నారు. అదెలా? వైజాగ్‌లో ఖర్చెంత అవుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

ఎంవీపీ అమ్మ: బాబూ, రివర్స్ గ్రూపింగ్, అదే మనిషి సీరంలో తెలిసిన గ్రూపుల కణాలు వేసి చూసే పరీక్ష, చేశారా? మా వారికి ఇరవై ఏళ్ళు ఓ అనే రాశారు. ఆపరేషన్ రోజున ఆయన సీరంలో ఓ కణాలు వేస్తే ముద్ద కట్టాయి. నా కళ్ళముందే ట్యూబు ఊపారు, ముద్ద విడలేదు. బాంబే గ్రూప్! ఓ లాగే కనిపిస్తుంది గానీ ఓ కణాల మీదుండే హెచ్ కూడా లేని అరుదైన గ్రూప్. ముందే చూసుంటే మనిషిని సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో పడుకోబెట్టేవారు కాదు.

మద్దిలపాలెం దాత: కంగారెందుకు? ఓ నెగెటివ్ అందరికీ పడుతుంది. 31 సార్లు ఇచ్చాను, పిలవండి వస్తాను.

ల్యాబ్ మావయ్య: అలా రాయకండి! బాంబే వాళ్ళకి ఓ నెగెటివ్ ఎక్కిస్తే ప్రాణం మీదకొస్తుంది. నెగెటివ్ అంటే ఆర్‌హెచ్ డి అనే యాంటీజెన్ (కణం మీదుండే గుర్తు) లేదని మాత్రమే. హెచ్ యాంటీజెన్ ఎక్కువగా ఉండేది ఓ కణాల మీదే, బాంబే వాళ్ళ సీరం దాడి చేసేది దాని మీదే.

మద్దిలపాలెం దాత: సాయానికి వస్తే అరుస్తారేంటండీ? యూనివర్సల్ డోనర్ అని డాక్టర్లే అన్నారు.

ల్యాబ్ మావయ్య: మీ మంచి మనసుకి దణ్ణం. కానీ 22 ఏళ్ళు బ్లడ్ బ్యాంకులో చేసినవాణ్ణి, ఊరుకోలేను. తమ్ముడూ, అక్క యాంటీబాడీ (సీరంలో ఉండి పరాయి యాంటీజెన్‌ని పట్టుకునేది) అందరి కణాలనీ ముద్ద కట్టించి, బాంబే కణాలని వదిలేస్తే దాని గురి హెచ్. కెల్ అనే ఇంకో సిస్టమ్ యాంటీజెన్లు ఒక్కటీ లేని కెల్ నల్ కణాలని వదిలేస్తే కెల్ సిస్టమ్. ఆర్‌హెచ్ నల్‌ని వదిలేస్తే ఆర్‌హెచ్. ఒక సిస్టమ్ యాంటీజెన్లు అసలు లేని కణాలివి, దొరకడం అరుదు, అందుకే గ్లిసరాల్ కలిపి ఫ్రీజ్ చేసి దాస్తారు.

పీజీ స్టూడెంట్: ఆర్‌హెచ్ అని అంత తొందరగా తేల్చకూడదు సార్. ఆర్‌హెచ్ నల్ మీద ఎల్‌డబ్ల్యూ అనే యాంటీజెన్ కూడా ఉండదు. అది వేరే సిస్టమ్.

ల్యాబ్ మావయ్య: నిజమే, ఒప్పుకుంటున్నా. కిడ్ అనే సిస్టమ్ యాంటీజెన్లు లేని కిడ్ నల్ కణాల సంగతి ఇంకా బాగుంటుంది. 2 మోలార్ గాఢత ఉన్న యూరియా ద్రావణంలో మామూలు కణాలు నిమిషంలో పగిలిపోతాయి, అవి అరగంటైనా నిలుస్తాయి.

సీతమ్మధార: ఊరి పేరు ముంబై అయ్యాక కూడా బాంబే గ్రూప్ అనే అంటామా?

పీజీ స్టూడెంట్: 1952లో డాక్టర్ భెండే బృందం అక్కడే గుర్తించింది. మన దేశంలో దాదాపు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది.

ఎంవీపీ అమ్మ: పేరు సంగతి తర్వాత! బాబూ, తోడబుట్టినవాళ్ళంతా టెస్ట్ చేయించుకోండి. నలుగురిలో ఒకరికి కలిసే అవకాశం ఉంటుంది. మా వారికి ఆయన చెల్లెలే ఇచ్చింది.

గాజువాక తమ్ముడు: రివర్స్ చేశారండీ, ఓ కణాలు ముద్ద కట్టాయి. నా శాంపిల్ ఇచ్చేశాను. విజయనగరం నుంచి అన్నయ్య బయల్దేరాడు.