కిలౌయాలో రెండు విస్ఫోటనాల మధ్య విరామాన్ని ఎలా లెక్కగట్టాలి?

హవాయిలోని కిలౌయా అగ్నిపర్వతానికి విస్ఫోటనాల పట్టిక తయారుచేస్తున్నాను. మొదలైన తేదీ, ఆగిన తేదీ, చోటు (శిఖరమా, నేల చీలి లావా పైకొచ్చే పక్కవాలు పట్టీ, అంటే చీలిక మండలమా) సర్దుకున్నాయి. చిక్కంతా విరామం గడి దగ్గరే.

మూడు నెలల లోపు మళ్లీ మొదలైతే పాత విస్ఫోటనమే అన్నది జాబితాల్లో కనిపించే నియమం. 2023కి పెట్టి చూడండి: జనవరి 5–మార్చి 7, జూన్ 7–19, సెప్టెంబర్ 10–16. మొదటి ఖాళీ 92 రోజులు, గీత దాటింది. రెండోది 83, దాటలేదు. అంటే జూన్, సెప్టెంబర్ ఒకే వరుసలో కలిసిపోవాలి! హవాయి అగ్నిపర్వత పరిశోధనశాల మాత్రం వాటిని విడివిడిగానే లెక్కగట్టింది. అదే సంస్థ 2024 డిసెంబర్ 23న మొదలైనదాన్ని, లావా ఫౌంటెన్లు మధ్యలో రోజులు, వారాలు ఆగుతున్నా, ఒకే విస్ఫోటనంలోని ఘట్టాలుగా చూస్తోంది. అక్కడ లావా వచ్చేది అవే ద్వారాల నుంచి. ఆగినప్పుడల్లా శిఖరం ఉబ్బి, ఫౌంటెన్ లేవగానే కుంగుతుంది. కాబట్టి రోజులకన్నా ద్వారం, టిల్ట్‌మీటర్ (నేల వాలు మార్పును కొలిచే పరికరం) గీత చూసి తేల్చడమే సబబనిపిస్తోంది.

కిలౌయా చీలిక మండలంలోని పూఊ ఓఓ బిలం సంగతి ఇంకా తిరకాసు. అక్కడి విస్ఫోటనం 1983లో మొదలైంది, 2018 ఏప్రిల్ 30న ఆ బిలం కూలింది. మే 3న లావా లైలాని ఎస్టేట్స్ అనే నివాస ప్రాంతంలో కొత్త చీలికల నుంచి పైకొచ్చింది. ఒకే వరుసలో వేస్తే 2018లో శిఖరం కుంగిపోయిన ఘట్టం కనబడకుండా పోతుంది. రెండుగా విడగొడితే మూడు రోజుల విరామం సగటును పాడుచేస్తుంది.

ఇలాంటి పట్టికలు చేసినవాళ్లు దీన్ని ఎలా వేస్తారు? ఘట్టాలకు వేరే పట్టిక పెట్టి లింకు చేయడం మేలా?