ముప్పావు జెర్సీ ఆవులకి ఇప్పుడు ఏ ఆబోతు వీర్యం వేయించాలి?

బొబ్బిలి పాడి:
మాది బొబ్బిలి దగ్గర పల్లె. 12 ఆవులున్నాయి. ఏడు అరజెర్సీవి, అంటే నాటావుకి జెర్సీ వేయిస్తే పుట్టినవి. మిగతా అయిదూ వాటి కూతుళ్లే. మళ్లీ మేలి జెర్సీయే (కల్తీ లేని జెర్సీ) వేయించడంతో ముప్పావు జెర్సీ అయ్యాయి. అరజెర్సీవి రోజుకి 8 నుంచి 10 లీటర్లు ఇస్తాయి. ముప్పావువి ఈనిన కొత్తలో 12 దాకా ఇచ్చినా, ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పుతాయి, మేత తగ్గిస్తాయి, ఒంటినిండా పిడుదులు. మూడు నాలుగుసార్లు వేయిస్తేగానీ చూలు నిలవడం లేదు. పాలు వెన్న శాతం చూసి డబ్బులిచ్చే కేంద్రానికి పోస్తాం.

ఊళ్లో నాలుగు మాటలు చెబుతున్నారు. పాలు పెరగాలంటే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పెద్ద విదేశీ పాలజాతి) వేయించమంటారు ఒకరు. జెర్సీయే కొనసాగించమని ఒకరు, సాహివాల్ (పంజాబు వైపు దేశీ పాలజాతి) వైపు తిప్పమని ఇంకొకరు. మంచి అరజెర్సీ ఆవుకి పుట్టిన 10 నెలల కోడెదూడ ఉంది, దాన్నే ఆబోతుగా ఉంచేసుకోమని మరొకరు. ఏ ఆవుకి ఏది వేయించాలో లెక్కతో చెప్పండి. పెయ్యలు కూడా రెండున్నాయి.

నాగావళి గట్టు:
మందంతటికీ ఒకే ఆబోతు అని అనుకోవద్దు. ముందు ఒక్కో ఆవులో విదేశీ రక్తం ఎంతుందో రాసుకోండి. తల్లి శాతం, తండ్రి శాతం కలిపి సగం చేస్తే దూడ శాతం వస్తుంది. మన కోస్తా ఉక్కపోతలో, చిన్న రైతు మేతతో 50 నుంచి 62.5 శాతం దగ్గర నిలబెట్టడమే మేలు. 75కి చేరితే పాల సత్తువ ఉన్నా దాన్ని చూపించడానికి కావలసిన నీడ, పచ్చిమేత, దాణా, పిడుదుల మందు అన్నీ ఏ లోటూ లేకుండా అందాలి. మీ అయిదు ఆవులూ చెబుతున్నది అదే.

మీ ముప్పావు ఆవుకి మళ్లీ మేలి జెర్సీ వేస్తే దూడ 87.5 శాతం. రొప్పు ఇంకా పెరుగుతుంది. అరజెర్సీ ఆబోతు వేస్తే 62.5. సాహివాల్ వేస్తే 37.5కి దిగుతుంది. అందుకని ముప్పావువాటిలో ఎండకి కొంచెం తట్టుకునే వాటికి జెర్సీ సంకరజాతి ఆబోతు, మరీ రొప్పేవాటికి సాహివాల్. సాహివాల్‌కి పుట్టిన పెయ్య ఎదకి రావడం కొన్ని నెలలు ఆలస్యమవుతుంది, పాలు తల్లికంటే తగ్గొచ్చు. కానీ వేసవిలో మేత మానదు, వెన్న పడిపోదు.

ఏడు అరజెర్సీ ఆవుల దగ్గరే చాలామంది పొరపడతారు. అరజెర్సీకి అరజెర్సీ ఆబోతు కడితే శాతం 50 దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ మొదటి తరంలో ప్రతి జన్యు జతలోనూ ఒకటి నాటుది, ఒకటి జెర్సీది. సంకర బలం, అంటే రెండు జాతులు కలవడంతో వచ్చే అదనపు సత్తువ, నిండుగా ఉంటుంది. వాటిని వాటితోనే కలిపితే సగం జతలు నాటు-నాటుగానో జెర్సీ-జెర్సీగానో కుదిరిపోతాయి, ఆ బలం సగానికి పడిపోతుంది. అందుకే తల్లి 10 లీటర్లిస్తే కూతురు 6 దగ్గర ఆగిపోయిన దూడలు కనిపిస్తాయి. ఈ నష్టాన్ని పూడ్చేది ఆబోతు తల్లి పాల లెక్క ఒక్కటే. సంకర ఆబోతు వీర్యం తీసుకునేటప్పుడు దాని తల్లి ఒక ఈతలో 305 రోజులకి మొత్తం ఎన్ని లీటర్లిచ్చిందో, వెన్న ఎంతో అడగండి. ఒకరోజు 18 లీటర్లిచ్చిందన్న మాట లెక్కలోకి రాదు. అది ఈనిన ఆరో వారం నాటి మాట కావచ్చు.

హెచ్‌ఎఫ్ సంగతి. మీ నాటావుల కూతుళ్లు 300 కిలోల లోపు ఉంటాయనుకుంటాను. హెచ్‌ఎఫ్ దూడ 40 కిలోలు పుడుతుంది, జెర్సీ దూడ 25 దగ్గర. తొలిచూలు పెయ్య కటికి అంత దూడ పట్టక ఈత కష్టమవుతుంది. ఈత కష్టమైతే మాయ పడక లోపలే నిలబడుతుంది, గర్భసంచిలో చీము పడుతుంది, ఆ తర్వాత తిరగపొర్లడం (చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకి రావడం) మొదలు. పాలు లీటర్లలో పెరిగినా వెన్న 3.5 దగ్గరికి జారుతుంది. మీరు వెన్నకి డబ్బు తీసుకునేవారు కదా, లీటర్లు కాదు, లీటర్లని వెన్నతో గుణించి చూడండి. 12 లీటర్లు 3.5తో 42. 10 లీటర్లు 4.6తో 46. పైగా ఆ 12కి దాణా ఎక్కువ.

ఒంగోలు వేయించమనేవారూ ఉంటారు. దుక్కికి ఎద్దులు కావాలంటే అది గొప్ప జాతి. పాల మందకి మాత్రం సాహివాలే.

చీపురుపల్లి సంత:
కోడెదూడ మాట నేను చెబుతాను. వద్దండి. దాని తల్లి ఆ ఏడింటిలో ఒకటి కదా, ఆ తల్లికే పుట్టిన ముప్పావు ఆవు మందలో ఉంటే దీనికి అక్క అవుతుంది. ఇద్దరికీ తండ్రి కూడా ఒక్కటే అయితే పుట్టే దూడలో రక్త సంబంధం 25 శాతం. తండ్రి ఒక్కటే, తల్లులు వేరైనా 12.5. బలహీనమైన దూడలు, ఆలస్యంగా ఎద, పిండం మొదట్లోనే పోవడం, ఇవన్నీ అక్కడి నుంచే వస్తాయి. పైగా 12 ఆవులకి ఒక ఆబోతుని మేపడం గిట్టదు. 400 కిలోల ఆబోతుకి రోజుకి 8 నుంచి 10 కిలోల ఎండు పదార్థం (తేమ తీసేసిన మేత లెక్క) కావాలి. ఎదిగిన ఆబోతు ఏడాదికి 25, 30 ఆవులకి తక్కువ కాకుండా చూస్తుంది. మీ దగ్గర సగం పైగా ఖాళీగా ఉంటుంది.

రెండు మూడు ఊళ్లవాళ్లు కలిసి పొత్తు మీద ఆబోతు పెట్టుకోవాలనుకుంటే వేరే మందదే తెచ్చుకోవాలి. కొనేటప్పుడు కొలతటేపు పట్టుకెళ్లండి. రెండు వృషణాలనీ మెల్లగా కిందికి దింపి, అన్నిటికంటే లావైన చోట టేపు చుట్టి చూడాలి. ఏడాదిన్నరకి 30 సెంటీమీటర్ల చుట్టుకొలత లేకపోతే వదిలేయండి. రెండూ సమానంగా, ఒత్తితే గట్టి రబ్బరు బంతిలా ఉండాలి. ఒకటి చిన్నదైనా, మెత్తగా ఉన్నా, గడ్డలు తగిలినా తీసుకోవద్దు. బొడ్డు కింద అంగాన్ని కప్పే తొడుగు మోకాలు దాకా వేలాడే కోడె కూడా పనికిరాదు. సాహివాల్ కలిసిన వాటిలో ఈ లోపం ఎక్కువ. పొదల్లో, కంపల్లో గీసుకుని తొడుగు వాచిపోతుంది, తర్వాత దాటడమే మానేస్తుంది. నడిపించి వెనక కాళ్లు చూడండి, దాటేటప్పుడు బరువంతా వాటి మీదే.

పరీక్షలు చేయించకుండా ఊరి ఆబోతుతో దాటించడం ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు. బ్రూసెల్లా (చూలు ఈసుకుపోయే జబ్బు), జోన్స్ వ్యాధికి (మానని పారుడు) రక్తం, క్షయకి చర్మం మీద పరీక్ష, దాటినప్పుడు అంటుకునే ట్రైకోమోనాస్, కాంపైలోబాక్టర్ క్రిములకి తొడుగు కడిగిన నీళ్లు. ఈ చివరి రెండూ ఆబోతులో ఏ జబ్బూ లేనట్టే ఉంటాయి, ఆవుల్లో మాత్రం పిండాన్ని చంపేస్తాయి. మామూలుగా చూలు నిలవకపోతే 21 రోజులకి మళ్లీ ఎద వస్తుంది. 30, 40 రోజులకి అస్తవ్యస్తంగా పొర్లుతుంటే ఈ అనుమానం పెట్టుకోవాలి. ఇంకొకటి, బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకే. కోడెకి వేస్తే వృషణాలు వాచి పనికిరాకుండా పోవచ్చు.

గాలికుంటు గానీ, పిడుదుల జ్వరం గానీ వచ్చిన ఆబోతుని రెండు నెలలు నమ్మకండి. వీర్యకణం తయారవడానికే దాదాపు 60 రోజులు పడుతుంది, జ్వరం వచ్చిన నాటి నష్టం అప్పటిదాకా బయటపడుతూనే ఉంటుంది.

బొబ్బిలి పాడి:
కోడెదూడ ఆలోచన మానేశాం. పెయ్యల మాట ఎవరూ చెప్పలేదు. ఆడదూడలే పుట్టే వీర్యం వాటికి వేయించవచ్చా? సాహివాల్‌కి పుట్టే 37.5 పెయ్యకి ఆ తర్వాత ఏం వేయాలి?

గడ్డివాము:
పెయ్యకి వయసు కాదు, బరువు చూడాలి. జెర్సీ సంకరానికి 220 నుంచి 250 కిలోలు. కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ అంగుళాల్లో కొలవండి. భుజం ముందు ఎముక నుంచి తోక మొదలు దగ్గర ఎముక దాకా పొడవు కొలవండి. ఛాతీని ఛాతీతో గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు. ఛాతీ 58, పొడవు 48 అనుకోండి: 245 కిలోలు వస్తుంది, వేయించవచ్చు. ఛాతీ 54, పొడవు 45కి 199, ఇంకో రెండు మూడు నెలలు దాణా పెట్టి ఆగండి.

ఆడదూడల వీర్యం పెయ్యలకే సరైనది, నూటికి 90 దాకా పెయ్యదూడలే పుడతాయి. కానీ మామూలు స్ట్రాలో (వీర్యం నింపిన సన్న గొట్టం) 2 కోట్ల కణాలుంటే దీనిలో చాలా తక్కువ, చూలు కట్టే శాతం కూడా తక్కువే. మీ తిరగపొర్లే ముప్పావు ఆవులకి అది వేస్తే డబ్బు వృథా. వాటికి కార్తీకం నుంచి మాఘం లోపల మామూలు స్ట్రా వేయించండి. వాటి చూలు వేసవిలో నిలవకపోవడానికి సగం కారణం ఒంట్లోని వేడే.

37.5 పెయ్యకి 62.5 ఆబోతు వేస్తే దూడ సరిగ్గా 50. మేలి జెర్సీ వేస్తే 68.75, అది మీకు ఎక్కువే.

వేయించే రోజు స్ట్రా మీద అచ్చు చదవండి, ఆబోతు నంబరు, జాతి, వీర్య కేంద్రం, తేదీ ఉంటాయి. ఆబోతు నంబరుని ఆవు చెవి పోగు నంబరు పక్కనే నోటు పుస్తకంలో రాయండి. కూతురికి వేయించేటప్పుడు ఆ పుస్తకం తెరిచి, తండ్రి నంబరే మళ్లీ వస్తే వేరే స్ట్రా అడగాలి. వీర్యాన్ని గడ్డకట్టించి ఉంచే ద్రవ నత్రజని పాత్ర లోంచి తీసిన స్ట్రాని 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. అరచేతిలో రుద్దడం, చొక్కా జేబులో పెట్టుకుని నడవడం చేస్తే ఎంత గొప్ప ఆబోతు వీర్యమైనా చచ్చిన వీర్యమే. నీళ్లు తుడవకుండా కత్తిరించినా అంతే. పొద్దున్న ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున్నే వేయించండి. సాహివాల్ రక్తం కలిసిన పెయ్యలు గట్టిగా అరవవు, తీగ (ఎదలో వెనక కారే జిగురు) కూడా తక్కువే. పొద్దున్న 5కి ఒకసారి, రాత్రి 9కి ఒకసారి లైటు పట్టుకుని వెనకవైపు చూడకపోతే ఎద జారిపోతుంది.