ఎఫ్‌ఎం 24లో పాత బ్రెజిల్ స్టైల్ 4-2-4 ఎలా సెట్ చెయ్యాలి? బాల్ పోతే నలుగురూ పైనే ఉండిపోతున్నారు

సాంటోస్_సుబ్బు

అందరికీ హాయ్. ఫుట్‌బాల్ మేనేజర్ 24 గేమ్‌లో బ్రెజిల్ క్లబ్ సాంటోస్‌తో సేవ్ నడుపుతున్నా. ఎప్పుడూ ఆ ప్రెస్సింగ్ టాక్టిక్ డౌన్‌లోడ్ చేసుకుని గెలవడం బోర్ కొట్టేసింది, అందుకే ఈసారి పీలే టైంలో సాంటోస్ ఆడినట్టు 4-2-4 (నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, నలుగురు ఫార్వర్డ్‌లు) ఆడించాలని ఫిక్స్ అయ్యా. 1962, 63ల్లో వరసగా దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్ లిబర్టడోరెస్ కొట్టిన టీమ్ అది. మిడ్‌ఫీల్డ్‌లో జిటో, మెంగాల్వియో, ముందు డొర్వాల్, కౌటిన్యో, పీలే, పెపె. ఆ పేర్లు చదువుతుంటేనే ఊపొస్తుంది.

నా సెటప్ ఇది. వింగర్లిద్దరూ పైన అటాకింగ్ స్లాట్‌లో, ఇద్దరికీ ఇన్‌సైడ్ ఫార్వర్డ్ (లైన్ నుంచి లోపలికి కట్ అయ్యేవాడు) అటాక్. స్ట్రైకర్లలో ఒకడు అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్, ఇంకోడు కంప్లీట్ ఫార్వర్డ్, అదీ అటాకే. మధ్యలో ఒక ప్లేమేకర్, ఒక బాక్స్ టు బాక్స్. ఫుల్‌బ్యాక్‌లు రెండువైపులా వింగ్‌బ్యాక్ అటాక్. మెంటాలిటీ అటాకింగ్, డిఫెన్సివ్ లైన్ బాగా పైకి.

హోమ్‌లో అదిరిపోతోంది, 4-1, 5-2 ఇలా కొడుతున్నాం. అవే మ్యాచ్‌కి, అంటే అవతలి వాళ్ళ గ్రౌండ్‌కి వెళ్తే మాత్రం మూడేసి తిని వస్తున్నాం. బాల్ పోయిందా, ముందున్న నలుగురూ సెంటర్ లైన్ దగ్గర నిలబడి చూస్తుంటారు, అవతలి వాళ్ళ డీఎం (డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్) తీరిగ్గా వెనక్కి తిరిగి పాస్ చూసుకుని కొడతాడు, మా మిడ్‌ఫీల్డర్లిద్దరూ ఒకడి వెనక ఒకడు పరిగెత్తుతూనే ఉంటారు. అరవయ్యో నిమిషం వచ్చేసరికి వాళ్ళిద్దరికీ కండిషన్ గుండె బొమ్మ ఎర్రబడిపోతోంది. పైగా బ్రెజిల్ క్యాలెండర్ తెలిసిందే కదా, స్టేట్ చాంపియన్‌షిప్ అని, కప్ అని, లీగ్ అని మూడ్రోజులకో మ్యాచ్.

ఏం మార్చాలి? 4-3-3కి వెళ్ళిపో అని మాత్రం ఎవరూ చెప్పకండి ప్లీజ్, అది నాకూ తెలుసు.

డగౌట్_బాబాయ్

సుబ్బూ, ఎఫ్‌ఎం 24లో టాక్టిక్స్ స్క్రీన్ మీద నువ్వు పేర్చే చుక్కలున్నాయే, అవి బాల్ మన దగ్గర లేనప్పుడు ఎవరెక్కడ నిలబడాలో చెప్పే చుక్కలు. బాల్ వచ్చాక ఎవడెక్కడికి పోతాడన్నది రోల్, డ్యూటీ, ఇన్‌స్ట్రక్షన్లు చూసుకుంటాయి. అంటే బాల్ పోయినా నలుగురూ పైనే ఉండండిరా అని నువ్వే చెప్తున్నావు, పాపం వాళ్ళు బుద్ధిగా నీ మాట వింటున్నారు. 26లో అయితే బాల్ ఉన్నప్పటి షేప్, లేనప్పటి షేప్ విడివిడిగా పెట్టుకోవచ్చు, 25 ఎలాగూ క్యాన్సిల్ అయిపోయింది కాబట్టి 24లో ఉన్నవాళ్ళం మాత్రం ఈ తిప్పలు పడాల్సిందే.

అసలు 1958 వరల్డ్ కప్ గెలిచిన బ్రెజిల్ కూడా నలుగురినీ పైన వదిలేసి ఆడలేదు. ఫైనల్ టీమ్ చూడు. గిల్మార్, ముందు జల్మా సాంటోస్, బెల్లిని, ఓర్లాండో, నిల్టన్ సాంటోస్, మధ్యలో జిటో, డీడీ, పైన గరించా, వవా, పీలే, జగాలో. కాగితం మీద 4-2-4. కానీ ఎడమవైపు జగాలో బాల్ పోగానే మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోయేవాడు, వాళ్ళ దేశంలో అతన్ని చీమ అని పిలిచేవాళ్ళు, అంత తిరుగుడు. గరించాని మాత్రం కుడివైపు లైన్ మీద వదిలేశారు, నువ్వు వెనక్కి రానక్కర్లేదు నాయనా అన్నట్టు. స్వీడన్ ముందు గోల్ కొట్టాక బ్రెజిల్ తిరిగి కొట్టిన మొదటి రెండు గోల్సూ ఒకే అచ్చు, కుడివైపు గరించా డిఫెండర్ని దాటేసి లోపలికి బాల్ తోసెయ్యడం, వవా వచ్చి తన్నడం. ఇక వెనక్కి దిగే జగాలో అటాక్‌కి పనికిరాకుండా పోయాడా అంటే లేదు, నాలుగో గోల్ అతనిదే, ఆఖర్న పీలే తలతో కొట్టిన ఐదోదానికి క్రాస్ కూడా అతనిదే. 5-2. అంటే ఒకవైపు గరించా కావాలంటే రెండోవైపు జగాలో ఉండి తీరాలి. నువ్వేమో ఇద్దరు గరించాలని పెట్టుకుని కూర్చున్నావు.

గేమ్‌లో నేనైతే ఇలా పెడతా. కుడి వింగర్ని పైన అటాకింగ్ స్లాట్‌లోనే ఉంచు, రోల్ వింగర్, డ్యూటీ అటాక్, లైన్‌కి దగ్గరగా ఉండమని, డ్రిబుల్ ఎక్కువ చెయ్యమని ఇన్‌స్ట్రక్షన్. ఎడమవాణ్ణి కిందికి లాగి మిడ్‌ఫీల్డ్ వరసలో పెట్టు, వైడ్ మిడ్‌ఫీల్డర్ సపోర్ట్. అలాగైతే బాల్ లేనప్పుడు మధ్య వరసలో ముగ్గురుంటారు. కుడి ఫుల్‌బ్యాక్‌కి డిఫెండ్ డ్యూటీ ఇచ్చెయ్, వాడి ముందు ఎవడూ రాడు కాబట్టి వాడు అక్కడే ఉండాలి. ఎడమవైపు వాడికి మాత్రం వింగ్‌బ్యాక్ సపోర్ట్ ఇవ్వు, నిల్టన్ సాంటోస్ అదే వరల్డ్ కప్ మొదటి మ్యాచ్‌లో ఆస్ట్రియా మీద పైకెళ్ళి గోల్ కొట్టినవాడు, ఆ సరదా తీర్చుకోనీ.

ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో ఎవడు ఏ పక్క అన్నది చాలామంది పట్టించుకోరు. ఖాళీ కుడివైపే ఎక్కువ కాబట్టి జిటో లాంటివాడు, అంటే సెంట్రల్ మిడ్‌ఫీల్డర్ డిఫెండ్, కుడి పక్కన ఉండాలి. డీప్ లయింగ్ ప్లేమేకర్ సపోర్ట్ ఎడమ పక్కన. బాక్స్ టు బాక్స్ వద్దు, ఇద్దరే ఉన్నచోట ఒకడు ప్రతిసారీ పెనాల్టీ బాక్స్‌లోకి పరిగెడితే రెండోవాడికి దిక్కెవరు?

మెంటాలిటీ అటాకింగ్ నుంచి పాజిటివ్‌కి దించు. లైన్ స్టాండర్డ్. బాల్ పోయినప్పుడు కౌంటర్ ప్రెస్ (వెంటనే మీదపడి లాక్కోవడం) తీసేసి రీగ్రూప్ (వెనక్కొచ్చి షేప్‌లో నిలబడడం) పెట్టు, నీ ఇద్దరికీ అరవయ్యో నిమిషం తర్వాత కూడా ఊపిరుంటుంది.

ఆఫ్‌సైడ్_రాణి

బాబాయ్ గారు చెప్పిన లెఫ్ట్, రైట్ సంగతి ఒప్పుకుంటా, రీగ్రూప్ మాత్రం ఒప్పుకోను. నలుగురు అటాకర్లు ఉన్నప్పుడు అవతలి బ్యాక్ ఫోర్‌కి మనిషికి మనిషి సరిపోతాడు, ఆ మొదటి ఐదు సెకన్లలో ప్రెస్ చెయ్యకపోతే ఇక 4-2-4 వల్ల వచ్చే లాభం ఏంటి? తీసెయ్యాల్సింది కౌంటర్ ప్రెస్ కాదు, ఆ రెండో స్ట్రైకర్ని. అంటే టీమ్‌లోంచి కాదు, పై లైన్‌లోంచి.

సుబ్బు గారూ, మీ డీఎం ప్రాబ్లం అక్కడే ఉంది. స్ట్రైకర్లిద్దరూ అటాక్ డ్యూటీలో సెంటర్ బ్యాక్‌ల మీదే నిలబడితే అవతలి డీఎంని ఎవరూ చూడరు. ఒకడికి డీప్ లయింగ్ ఫార్వర్డ్ సపోర్ట్ ఇచ్చి, వాడి ప్లేయర్ ఇన్‌స్ట్రక్షన్స్‌లో డీఎం పొజిషన్‌ని మార్క్ చెయ్యమని పెట్టండి. ఫలానా ప్లేయర్ అని కాకుండా పొజిషన్ అని పెడితే ప్రతి మ్యాచ్‌కీ మార్చుకునే పని ఉండదు. నేను ఇది మాత్రమే మార్చి చూశా, అవతలి డీఎం బాల్ ముట్టుకోవడమే సగానికి సగం తగ్గింది.

ఇది కొత్త ఐడియా కూడా కాదు. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ ఇంగ్లండ్‌ని 6-3తో కొట్టింది కదా, అందులో సెంటర్ ఫార్వర్డ్ నెంబరు వేసుకున్న హిడెకుటి వెనక్కి వెనక్కి దిగి ఆడాడు, ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ జానీ జాన్‌స్టన్... సారీ హ్యారీ జాన్‌స్టన్, వెంట వెళ్ళాలా అక్కడే ఉండాలా తేల్చుకోలేక నలిగిపోయాడు, హిడెకుటి మూడు గోల్స్ కొట్టేశాడు. ఆర్నెల్లకి బుడాపెస్ట్‌లో 7-1. ఆ హంగరీ ఐడియాలు బ్రెజిల్‌కి చేరిన దారుల్లో బేలా గుట్‌మన్ ఒకడు, 1957లో సావో పాలో క్లబ్‌కి స్టేట్ టైటిల్ తెచ్చిపెట్టిన కోచ్ అతనే. 58 బ్రెజిల్ కోచ్ ఫెయోలా కూడా ఆ క్లబ్ మనిషే. కాబట్టి 4-2-4 అంటే నలుగురు వింగర్లూ స్ట్రైకర్లూ అని కాదు, పైన ఇద్దరిలో ఒకడు కిందకి వచ్చి బాల్ అందుకునే ఏర్పాటు.

ఇంకో దారి, మిడ్‌ఫీల్డర్లిద్దర్నీ డీఎం స్లాట్‌కి దించెయ్యండి. ఒకడు డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ డిఫెండ్, ఒకడు సెగుండో వొలాంటే (కింద నుంచి ముందుకి పరిగెత్తేవాడు) సపోర్ట్. సెంటర్ బ్యాక్‌ల ముందు గోడ కట్టినట్టే ఉంటుంది, కానీ మధ్యలో పెద్ద ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలోకి దిగే స్ట్రైకర్ లేకపోతే బాల్ మొత్తం లాంగ్ పాస్‌లే అవుతుంది. పెద్ద టీమ్‌ల మీద అవే మ్యాచ్‌లకి బాగుంటుంది.

గల్లీ_లిబెరో

అందరు బ్రెజిల్ అంటున్నరు, హంగరీ అంటున్నరు, మన రహీం సాబ్ పేరు ఒక్కరు తియ్యరేంది భయ్యా. సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదాయన, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌తోని 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు కొట్టించిండు. ఇండియా టీమ్‌కి ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీస్ పోయినం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. బ్రెజిల్ వరల్డ్ కప్ గెల్వకముందే ఈయన మనోళ్ళకు 4-2-4 నేర్పిండని పాత ఫుట్‌బాలర్లు ఇప్పటికీ చెప్తరు. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, గోల్‌ల పీటర్ తంగరాజ్, అందరు ఆ బ్యాచే. 62 జకార్తా ఏషియాడ్ ఫైనల్‌ల కొరియాని 2-1 కొట్టి గోల్డ్ తెచ్చిండ్రు, అంతకుముందే ఆ టోర్నీల డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలితే ఆయన్ని ఫార్వర్డ్‌ల ఆడించిండు రహీం సాబ్, ఆయనే ఒక గోల్ కొట్టిండు. ఇసొంటి ధైర్యం మనం గేమ్‌ల కూడ చెయ్యం.

ఇగ సుబ్బు భాయ్, టాక్టిక్ సంగతి ఆళ్ళు చెప్పిండ్రు, నేను ప్లేయర్ల గురించి చెప్త. ఆ ఇద్దరు మిడ్‌ఫీల్డర్లను పాసింగ్, టెక్నిక్ చూసి కొంటున్నవా? ముందుగాల స్టామినా, వర్క్ రేట్, పొజిషనింగ్, యాంటిసిపేషన్ చూడు. పాసింగ్ తర్వాత. మ్యాచ్ అయినంక అనాలిసిస్‌ల యావరేజ్ పొజిషన్స్ ఉంటది, బాల్ ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి. రెండు పక్కపక్కన పెట్టి చూడు. రెండు ఒక్కతీరే కనిపిస్తే నీ 4-2-4 పని చేస్తలేదు, మనుషులు ఊకె నిలబడ్డరు అన్నట్టు.

సాంటోస్_సుబ్బు

థాంక్స్ అందరికీ. రహీం గారి సంగతి నిజంగా తెలీదు నాకు, పేరు విన్నా అంతే.

బాబాయ్ చెప్పిన షేప్, రాణి గారు చెప్పిన డీఎం మార్కింగ్ రెండూ కలిపి పెట్టి అవే మ్యాచ్ ఆడా, 2-1 గెలిచాం. ఆ డీఎం గాడికి ఊపిరాడలేదు, వెనక్కి సెంటర్ బ్యాక్‌కి ఇవ్వడమే సరిపోయింది. గరించా స్లాట్‌లో ఉన్న కుర్రాడు ఇంకా లోపలికే కట్ అవుతున్నాడు గానీ, అది వాడి ఎడమకాలి ట్రెయిట్ వల్ల అనుకుంటా.

కొత్త తలనొప్పి జగాలో. నా దగ్గరున్న ఎడమ వింగర్లందరూ పై స్లాట్‌కే అలవాటు పడ్డవాళ్ళు, కింద స్లాట్‌లో పెడితే నారింజ రంగు చూపిస్తోంది. వర్క్ రేట్ కూడా 9, 10 ఇలా ఉంది. కొనాలా?

డగౌట్_బాబాయ్

వింగర్ని జగాలోగా మార్చాలని చూడకు. వర్క్ రేట్ 9 ఉన్నవాణ్ణి కింద నిలబెట్టినా మనసు పైనే ఉంటుంది. నీ స్క్వాడ్‌లో ఎడమకాలి సెంట్రల్ మిడ్‌ఫీల్డరో, కాస్త ఎటాకింగ్ లెఫ్ట్ బ్యాకో ఉంటారు చూడు. వాళ్ళకి ఇండివిడ్యువల్ ట్రెయినింగ్‌లో లెఫ్ట్ మిడ్‌ఫీల్డ్ పొజిషన్ పెట్టు, కొన్ని నెలలు పడుతుంది, ఈలోపు రంగు చూసి కంగారు పడకుండా ఆడిస్తూ ఉండు, ఆడితేనే తొందరగా అలవాటవుతుంది. వర్క్ రేట్, టీమ్‌వర్క్, స్టామినా మూడూ 13 పైన ఉంటే చాలు, డ్రిబ్లింగ్ లేకపోయినా పర్లేదు. గోల్స్ కొట్టే పని మిగతా ముగ్గురిది.

కుడివైపు కుర్రాడి గురించి నువ్వన్నది నిజమే, ఎడమకాలివాడు కుడివైపు లోపలికే వస్తాడు. అక్కడ కుడికాలివాడే కావాలి, ఇది మాత్రం బేరం లేదు.

బారీ_బుజ్జి

లేటుగా వచ్చా. ఇటలీ కోచ్ ఆంటోనియో కాంటే కూడా కోచ్‌గా మొదట్లో 4-2-4తోనే పేరు తెచ్చుకున్నాడు, 2008-09లో బారీ క్లబ్‌ని ఇటలీ రెండో డివిజన్ సెరీ బీ నుంచి పైకి తెచ్చాడు, 2010-11లో సియెనాని. అందులో దొంగిలించాల్సింది బిల్డప్. సెంటర్ బ్యాక్ నుంచి నేరుగా ఒక స్ట్రైకర్ కాళ్ళ దగ్గరికి పాస్, వాడు ఒక్క టచ్‌లో వెనకున్నవాడికి, అక్కడి నుంచి వింగ్‌కి. మిడ్‌ఫీల్డ్ ఇద్దరే కదా, వాళ్ళ మీదుగా నెమ్మదిగా అల్లుకుంటూ రావాలని చూస్తే ఇరుక్కుంటాం. గేమ్‌లో దీనికి సెంటర్ బ్యాక్‌లలో ఒకణ్ణి బాల్ ప్లేయింగ్ డిఫెండర్ చేసి, టెంపో కొంచెం పెంచి, మరీ షార్ట్ పాసింగ్ పెట్టకుండా ఉంటే దగ్గర దగ్గరగా వస్తుంది.

అదే కాంటే యువెంటస్ వెళ్ళాక పిర్లో, విదాల్, మార్కిసియో ముగ్గురూ దొరికేసరికి మధ్యలో ముగ్గుర్ని పెట్టుకుని 2011-12 లీగ్ ఒక్క ఓటమి లేకుండా కొట్టేశాడనుకో. ఊరికే చెప్తున్నా సుబ్బు గారూ, 4-3-3కి మారమని కాదు 😀

ఆఫ్‌సైడ్_రాణి

సుబ్బు గారూ ఇంకోటి. ఐదు సబ్‌లు ఉన్నాయి కదా, అందులో రెండు మిడ్‌ఫీల్డర్లకి పక్కన పెట్టేసుకోండి, అరవై దాటగానే ఇద్దర్నీ ఒకేసారి మార్చెయ్యండి. స్ట్రైకర్ అలిసిపోతే ఒక గోల్ తగ్గుతుంది, జిటో అలిసిపోతే మ్యాచే పోతుంది. మీరు ఆడే మూడ్రోజుల క్యాలెండర్‌లో ఆ రెండు పొజిషన్లకి కనీసం నలుగురు ఫస్ట్ టీమ్ ప్లేయర్లు కావాలి, ఎడమ వింగర్ కోసం దాచిన డబ్బులు అక్కడ పెట్టండి.